కర్టెను గుడ్డ పంట్లాంతో ఎవరెస్టుకు

సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు కిటికీలకున్న పాత కర్టెన్లు తీసేస్తాం కదా! తీసినవాటిని పారెయ్యడానికి మాత్రం మనసొప్పదు. కాస్త గట్టిగా ఉన్న ముక్కలు దిండు గలీబులవుతాయి. ఒకటి కుట్టు మిషను మీద కప్పుకుంటాం. మరీ చివికిపోయినవి వంటింట్లో మసిగుడ్డలవుతాయి. ఇంకా మిగిలితే ట్రంకు పెట్టె అడుగున పరుస్తాం. పాత కర్టెనుకు ఇంతకు మించిన యోగం ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. అటువంటిది, జపాను దేశంలో ఒక ఇల్లాలు పాత కర్టెను గుడ్డతో పంట్లాం కుట్టుకుని ఎవరెస్టు ఎక్కడానికి బయల్దేరిందని తెలిసినప్పుడు, ముందు నవ్వొచ్చింది. ఆ తరువాత పూర్తి కథ తెలుసుకునేదాకా ఊరుకోలేకపోయాను. నేను చదివింది పదో తరగతి. ఇంగ్లీషులో ఉన్నది మా అమ్మాయి చదివి చెప్పింది. నేను విని, రాసుకుని, ఈ వేళ మీకు చెబుతున్నాను.

ఆవిడ పేరు జుంకో తబేయి. 1975 మే 16న ఎవరెస్టు శిఖరం మీద అడుగు పెట్టిన మొట్టమొదటి స్త్రీ ఆవిడే. అప్పటికి ఆవిడ వయసు 35. ఇంటి దగ్గర మూడేళ్ళ కూతురు. మనిషి ఎత్తు ఐదడుగులకు మించదు. టెన్సింగు, హిల్లరీ 1953 మే 29న ఆ శిఖరం ఎక్కారని మనం చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నాం. వాళ్ళ తరువాత ఒక స్త్రీ ఎక్కడానికి 22 ఏళ్ళు పట్టింది. ఈలోగా ఎక్కిన మగవాళ్ళు 35 మంది. అందుకే ఎవరైనా "ఎవరెస్టు ఎక్కిన మొదటి మహిళ" అని పొగిడితే, నన్ను 36వ మనిషిగా గుర్తు పెట్టుకుంటే చాలు అనేదట ఆవిడ.

అసలు ఆడవాళ్ళకు కొండలెక్కాలన్న కోరిక నిన్న మొన్న పుట్టిందేం కాదు. జపానులోనే చూడండి. వాళ్ళకు ఫ్యూజీ పర్వతం అంటే మనకు తిరుమల కొండంత పవిత్రం. అయితే ఆ కొండ మీదికి ఆడవాళ్ళు రాకూడదని తరతరాలుగా నిషేధం ఉండేది. కొంత ఎత్తుదాకా వచ్చి, అక్కణ్ణించే దణ్ణం పెట్టుకుని వెనక్కి పోవాలి. 1832లో తత్సు తకయామా అనే ఆవిడ మగవేషం వేసుకుని, మగవాళ్ళతో కలిసి ఆ శిఖరం చేరుకుంది. పేరు తెలిసినంతవరకు ఫ్యూజీ ఎక్కిన మొదటి స్త్రీ ఆవిడే. ఆ నిషేధం తీసేసింది 1872లో. అంటే ఆవిడ దొంగచాటుగా ఎక్కిన నలభై ఏళ్ళకు దారి తెరిచారన్నమాట.

ఐరోపాలో నిషేధాలు లేవు గానీ, నవ్వేవాళ్ళకు కొదవ లేదు. ఆల్ప్సు పర్వతాల్లో మో బ్లా అనే పెద్ద శిఖరం ఉంది. దాన్ని 1808లో ఎక్కిన మరీ పారడీ ఆ కొండ కింది ఊళ్ళో పనిమనిషి. దారి చూపించే మగవాళ్ళు ఆమెను లాగుతూ, తోస్తూ పైకి చేర్చారు. తరువాత 1838లో ఆన్రియెట్ డాంజెవిల్ అనే ఆవిడ అదే శిఖరం తన కాళ్ళ మీద తానే ఎక్కింది. అప్పటికి ఆవిడ వయసు 44. ఈ అంకె విన్నప్పుడు నేను కొంచెం సర్దుకుని కూర్చున్నానండీ, ఎందుకంటే నేనూ ఆ దరిదాపుల్లోనే ఉన్నాను. మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయని ఈ మధ్యనే డాక్టరు దగ్గరకు వెళ్ళొచ్చాను కూడా. ఆ ఆన్రియెట్‌కు కావలసిన దుస్తులు ఏ దుకాణంలోనూ దొరకలేదు. ఆడవాళ్ళు మంచు కొండెక్కుతారని ఏ దర్జీ అనుకున్నాడు గనుక! అందుకని లోపల ఉన్ని పంట్లాం, పైన అంగీ, మెడ చుట్టూ బొచ్చు, అన్నీ తానే ఆలోచించి కుట్టించుకుంది. దారిలో బరువులు మోసేవాళ్ళకూ, దారి చూపేవాళ్ళకూ తిండి లెక్క కూడా ఆవిడే కట్టింది. ఆ లెక్కలో 24 కోళ్ళు, 18 సీసాల ద్రాక్షసారా ఉన్నాయట. పెళ్ళివారికి వంట సామాను చీటీ రాసినట్టు ఉందని మా అమ్మాయి నవ్వింది. శిఖరం చేరాక ఆవిణ్ణి మగవాళ్ళు భుజాల మీదికెత్తి, మో బ్లా కంటే ఎత్తున నిలబెట్టారు. ఆ తరువాత కూడా, అరవై దాటేదాకా ఆవిడ కొండలెక్కడం మానలేదు.

ఇక మన జుంకో సంగతికి వద్దాం.

ఆవిడ 1939లో ఫుకుషిమా ప్రాంతంలోని మిహారు అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఏడుగురు పిల్లలున్న ఇల్లు. చిన్నప్పుడు ఒంట్లో సత్తువ లేని పిల్ల అని అందరూ అనేవారు. పదేళ్ళప్పుడు బళ్ళో ఉపాధ్యాయుడు పిల్లలను నాసు పర్వతానికి తీసుకువెళ్ళాడు. ఆ రోజు ఆ పిల్లకు ఒక సంగతి తెలిసింది. పరుగు పందెంలో తాను ఎప్పుడూ ఆఖరున వచ్చేది. కొండ దగ్గర పందెం లేదు. మెల్లిగా నడిచినా, మధ్యలో కూర్చుని ఊపిరి తీసుకున్నా, అడుగు తరువాత అడుగు వేస్తూ పోతే పైకి చేరతాం. చేరినవాళ్ళంతా ఒక్కటే. పెద్దయ్యాక కూడా ఆ మాటే చెబుతుండేది. అయితే ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. కొండలెక్కే సరదా తీరడానికి చదువయ్యేదాకా ఆగవలసి వచ్చింది.

తోక్యోలో ఆడపిల్లల విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చదివి 1962లో పట్టా పుచ్చుకుంది. తరువాత కొండలెక్కే క్లబ్బుల్లో చేరింది. అన్నీ మగవాళ్ళ క్లబ్బులే. కొందరు ఆదరంగా చూశారు. కొందరు ఈవిడతో తాడు కట్టుకుని ఎక్కడానికి ఒప్పుకోలేదు. "మొగుణ్ణి వెతుక్కోవడానికి వచ్చిందిలే" అనుకున్నవాళ్ళూ ఉన్నారు. చిత్రమేమిటంటే, భర్త దొరికింది కూడా కొండ మీదే! తనిగావా పర్వతం దగ్గర పరిచయమైన మసనోబు తబేయిని పెళ్ళి చేసుకుంది. ఆయన హోండా కంపెనీలో ఉద్యోగి, తానూ కొండలెక్కే మనిషి. భార్యకు ఆ పిచ్చి ఎందుకు పట్టిందో ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పవలసిన పని లేకపోయింది. అదృష్టవంతురాలు, ఏమంటారు?

1969లో జుంకో, తోటి ఆడవాళ్ళతో కలిసి తమకంటూ ఒక మహిళా పర్వతారోహణ క్లబ్బు పెట్టింది. 'మన ఆడవాళ్ళం మనమే విదేశాల కొండలకు వెళ్దాం' అన్నది వాళ్ళ సంకల్పం. మరుసటి ఏడు, 1970 మే నెలలో, నేపాలులోని అన్నపూర్ణ మూడో శిఖరం మీదికి వెళ్ళారు. దాని ఎత్తు 7,555 మీటర్లు. మనవాళ్ళకు ఆ శిఖరంతో సంబంధం ఉంది. దాన్ని మొట్టమొదట 1961లో ఎక్కింది మోహన్ సింగ్ కోహ్లీ నాయకత్వంలో వెళ్ళిన భారతీయ బృందమే. జపాను ఆడవాళ్ళు వేరే కొత్త దారిన ఎక్కారు. జుంకో, హిరోకో హిరకావా శిఖరం చేరుకున్నారు. ఫొటో తీద్దామంటే చలికి కెమెరాలోని ఫిల్ము పెళుసెక్కి విరిగిపోయింది.

ఆ యాత్రలో అన్నీ సవ్యంగా జరగలేదు. శిఖరానికి ఎవరు వెళ్ళాలి, ఎవరు కింద ఆగాలి అన్న దగ్గర మనస్పర్థలు వచ్చాయి. నోరు మెదపకుండా ఓర్చుకోవడం ఆడదానికి అందమని పెంచిన ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళే అందరూ. అంత ఎత్తున, ప్రాణం మీదికి వచ్చేచోట, నాకు చేతకావడం లేదనీ, నాకు సాయం కావాలనీ నోరు తెరిచి చెప్పక తప్పదు. చెప్పకపోతే పక్కమనిషి ప్రాణానికి కూడా ముప్పే. ఈ అలవాటు వాళ్ళు కొండ మీదే కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ఉమ్మడి కుటుంబాల్లో కాపురం చేసినవాళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా "ఏం లేదత్తయ్యా" అంటూ పొయ్యి దగ్గర నిలబడ్డ రోజులు ఎవరికి లేవు!

అన్నపూర్ణ దిగగానే వాళ్ళ కళ్ళు ఎవరెస్టు మీద పడ్డాయి. నేపాలు ప్రభుత్వం ఆ రోజుల్లో ఒక్కో రుతువుకు కొద్ది బృందాలకే అనుమతి ఇచ్చేది. వీళ్ళు 1971లో అర్జీ పెట్టుకుంటే 1975కు వంతు వచ్చింది. ఈ నాలుగేళ్ళలో 1972లో జుంకోకు కూతురు పుట్టింది. డబ్బు మాత్రం పుట్టలేదు. ఏ కంపెనీ గడప తొక్కినా ఒకటే జవాబు. ఆడవాళ్ళకు ఎవరెస్టు ఎందుకు, ఇంట్లో కూర్చుని పిల్లలను పెంచుకోక! పైగా 1973లో చమురు ధరలు పెరిగి జపానులో వ్యాపారాలన్నీ చతికిలబడ్డ సమయం అది. ఆఖరు క్షణంలో యోమియూరి అనే పత్రికా, ఒక టెలివిజన్ సంస్థా కొంత సాయం చేశాయి. అయినా ఒక్కొక్కరూ సొంతంగా 15 లక్షల యెన్లు వేసుకోవలసి వచ్చింది. అది ఆ రోజుల్లో వాళ్ళ దేశంలో ఒక మనిషి సగటు సంవత్సరం జీతానికి దగ్గర దగ్గరగా ఉండే మొత్తం.

ఇక్కణ్ణించే నాకు ఈ కథ మన ఇంటి కథలాగా అనిపించింది.

జుంకో పిల్లలకు పియానో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టింది. పాత కర్టెన్లతో పంట్లాం కుట్టుకుంది. ఆ బృందం ఆడవాళ్ళు పాత కారు సీట్ల తొడుగులు విప్పి, నీళ్ళు దిగని చేతితొడుగులూ, సంచులూ కుట్టారు. చైనానుంచి బాతు ఈకలు కొని తెప్పించి, మనం దూది కూరి బొంతలు కుట్టినట్టు, ఆ ఈకలు కూరి పడుకునే సంచులు తయారు చేసుకున్నారు. వాళ్ళలో బడిపంతులమ్మలున్నారు. వాళ్ళ దగ్గర చదువుకునే పిల్లలు, బళ్ళో భోజనంతోపాటు ఇచ్చే జాము పొట్లాలను తినకుండా దాచి, మా టీచరుగారు ఎవరెస్టు మీద తింటారని తెచ్చి ఇచ్చారు. ఆ పొట్లాల మాట చదువుతుంటే మా అమ్మాయి గొంతు కొంచెం వణికింది. నేను కూడా కాసేపు ఆగమన్నాను.

పెద్ద పెద్ద యాత్రల చరిత్రల్లో ఇటువంటివి తక్కువగా కనిపిస్తాయి. ఎన్ని గుడారాలు, ఎన్ని ప్రాణవాయువు సిలిండర్లు, ఎందరు కూలీలు అన్న లెక్కలుంటాయి. చేతితొడుగు ఎవరు కుట్టారో ఉండదు. నా మట్టుకు నాకు, చుట్టూ ఉన్నవాళ్ళు "పిల్లను వదిలేసి పోతుందట" అని గుసగుసలాడుతుంటే రాత్రిళ్ళు పిల్లను పడుకోబెట్టి ఈకలు కూరుతూ కూర్చోవడం, ఆ తరువాత ఎక్కిన కొండ కంటే తక్కువ కాదనిపిస్తుంది. నేను రేడియోకి రికార్డింగుకు వెళ్ళేది నెలకు ఏ ఒకటి రెండుసార్లో. దానికే పొద్దున్నే పప్పూ కూరా చేసి మూతలు పెట్టి, చారు గిన్నె ఎక్కడుందో మూడుసార్లు చెప్పి బయటపడతాను. అయినా చుట్టాల్లో ఒకావిడ, "పిల్లలకు టిఫిను ఎవరు పెడతారే?" అని అడగనే అడిగింది. నెలల తరబడి వెళ్ళిన జుంకోను ఎంతమంది ఏమన్నారో ఊహించుకోండి. ఆమె భర్త మాత్రం, నువ్వు వెళ్ళిరా అని పాపతో ఇంటి దగ్గర ఉండిపోయాడు. కొండలెక్కడమంటే ఇష్టమున్న మనిషి ఇంటిపట్టున ఉండడం చిన్న విషయమేమీ కాదు. ఈ కథలో ఆయన వంతు కూడా చెప్పుకోవాలి.

1975 వసంతంలో పదిహేను మంది జపాను ఆడవాళ్ళు, ఎయికో హిసానో నాయకత్వంలో నేపాలు చేరారు. వాళ్ళలో పంతులమ్మలున్నారు, కంప్యూటరు పని చేసే ఆవిడ ఉంది. జుంకో ఉపనాయకురాలు. టెన్సింగు, హిల్లరీ వెళ్ళిన దారే వీళ్ళదీ. అంతకు ముందు ఏడే, 1974 మే 4న, వేరే జపాను మహిళా బృందంలోని ముగ్గురు మనస్లు శిఖరం ఎక్కారు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరం మీద స్త్రీలు నిలబడడం లోకంలో అదే మొదలు. కాకపోతే ఆ యాత్రలో ఒకావిడ ప్రాణం పోయింది. అంటే వీళ్ళు కళ్ళు మూసుకుని బయల్దేరలేదు. ఏం జరగవచ్చో తెలిసే వచ్చారు.

జరిగింది కూడా. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1975 మే 4 తెల్లవారుజామున, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, 6,300 మీటర్ల ఎత్తున రెండో మకాంలో అందరూ నిద్రపోతున్నారు. పైనుంచి మంచు చరియ విరిగి గుడారాల మీద పడింది. జుంకో ఉన్న గుడారంలో ఐదుగురు. మంచు బరువుకు ఒకరి మీద ఒకరు పడి నలిగిపోయారు. జుంకో అడుగున పడింది. ఊపిరాడలేదు, స్పృహ తప్పింది. షెర్పాలు చేతులతో మంచు తవ్వి, కాళ్ళు పట్టుకుని బయటికి లాగేసరికి సుమారు ఆరు నిమిషాలైంది. ఎవరికీ ప్రాణాపాయం లేకపోవడం నిజంగా దైవకృపే. ఒళ్ళంతా కమిలిపోయి, రెండు రోజులపాటు జుంకో సరిగ్గా నిలబడలేకపోయింది.

ఇంతటితో చాలు, వెనక్కి వచ్చెయ్యమని ఎవరైనా అంటారు. ఆవిడ ఒప్పుకోలేదు. నడక రాగానే మళ్ళీ పైకే తిరిగింది.

మొదటి ఆలోచన ప్రకారం ఇద్దరు ఆడవాళ్ళు శిఖరానికి వెళ్ళాలి. కాని షెర్పాలలో చాలామందికి ఎత్తు పడక జబ్బు చేసింది. ఇద్దరికి సరిపడా ప్రాణవాయువు సిలిండర్లు పైకి మోసేవాళ్ళు లేకపోయారు. ఒక్కరికే అవకాశం. ఆ ఒక్కరూ ఎవరో నిర్ణయించే భారం నాయకురాలు హిసానో మీద పడింది. ఆవిడ జుంకో పేరు చెప్పింది. మిగిలిన పద్నాలుగు మందీ ఈకలు కూరినవాళ్ళే, తొడుగులు కుట్టినవాళ్ళే, జీతం డబ్బు ధారపోసినవాళ్ళే. వాళ్ళ మనసులో ఆ రాత్రి ఏమున్నదో నేను చాలాసేపు ఆలోచించాను. మన పేరంటాల్లో మొదటి తాంబూలం ఎవరికిచ్చారన్న దానికే ఏళ్ళ తరబడి మాటలుండవు!

మంచు చరియ పడిన పన్నెండో రోజున, మే 16న, జుంకో, ఆంగ్ షెరింగ్ అనే షెర్పా కలిసి ఆఖరి ఎక్కుడు మొదలు పెట్టారు. శిఖరానికి కొంచెం దిగువన ఒక గట్టు అడ్డం వచ్చింది. కత్తి అంచులాగా సన్నగా ఉన్న మంచు గట్టు. ఒక పక్క చైనా లోయ, ఇంకో పక్క నేపాలు లోయ, ఎటు జారినా వేల మీటర్ల లోతుకు పోవడమే. దాని మీద నడిచే వీలు లేదు. నడుము పైభాగం చైనా వైపు, కాళ్ళు నేపాలు వైపు ఉండేట్టు గట్టును కరుచుకుని, ఎండ్రకాయలాగా పక్కకు పాకుతూ దాటింది. బతుకులో అంత భయం ఎప్పుడూ పడలేదట. భయంతోపాటు కోపం కూడా వచ్చిందట. ఎందుకో తెలుసా? అంతకు ముందు ఎక్కినవాళ్ళ పుస్తకాలన్నీ ఆవిడ శ్రద్ధగా చదివి వచ్చింది. ఇటువంటి గట్టు ఒకటుంటుందని ఒక్కరూ రాయలేదు! నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన సంగతి ఇదేనండీ. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని పాకుతూ కూడా, ముందు దాటినవాళ్ళు వెనక వచ్చేవాళ్ళకు చెప్పాలి కదా అని కోపగించుకుంది చూశారూ, అది. మగవాళ్ళు భయపడ్డామని రాసుకోవడానికి మొహమాటపడ్డారో, వాళ్ళకు అది లెక్కలోకే రాలేదో మరి!

మధ్యాహ్నానికి శిఖరం చేరారు. మనం నేల మీద పరుచుకునే చాపలాంటిది జపానువాళ్ళకు తతామీ అని ఒకటుంది. లోకంలోకెల్లా ఎత్తైన ఆ చోటు ఒక తతామీ అంత కూడా లేదని ఆవిడ చెప్పింది. కేకలు వెయ్యలేదు, చేతులెత్తి ఎగరలేదు. అమ్మయ్య, ఇంక ఎక్కక్కర్లేదు అనుకుందట. పెళ్ళింట ఆఖరి బంతి లేచాక వంటింటి గుమ్మంలో కూలబడే ఆడపడుచు కూడా అచ్చం ఇలాగే అంటుంది.

కిందికి దిగేసరికి ఖాట్మండులో ఊరేగింపు, జపానులో సన్మానాలు. 1975 ఐక్యరాజ్య సమితి ప్రకటించిన అంతర్జాతీయ మహిళా సంవత్సరం కూడానూ. జుంకోకు ఆ సందడి ఏమంత రుచించలేదు. పదకొండు రోజుల తరువాత, మే 27న, టిబెట్టు వైపు నుంచి ఫాంతోగ్ అనే టిబెట్టు ఆవిడ చైనా బృందంతో ఎవరెస్టు ఎక్కింది. ఆవిడ ముగ్గురు బిడ్డల తల్లి. కొండకు అటొక తల్లి, ఇటొక తల్లి, ఒకరినొకరు ఎరగకుండా ఒకే నెలలో ఎక్కుతూ ఉన్నారన్నమాట. రెండో స్థానం కావడంతో ఆవిడ పేరు మనలో ఎందరికి తెలుసు?

మన దేశంలో 1984 మే 23న బచేంద్రి పాల్ ఎవరెస్టు ఎక్కి ఆ పేరు నిలిపింది. ఇక మన తెలుగు పిల్ల మాలావత్ పూర్ణ సంగతి మీ అందరికీ తెలిసిందే. నిజామాబాదు వైపు పాకాల అనే ఊళ్ళో వ్యవసాయ కూలీల ఇంట పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకున్న పిల్ల. 2014 మే 25న, పద్నాలుగో ఏడు నిండకుండానే ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. నేపాలు వైపు అంత చిన్నపిల్లలకు అనుమతి లేకపోవడంతో టిబెట్టు వైపు నుంచి ఎక్కింది. తోడు ఖమ్మం వైపు కుర్రవాడు ఆనంద్ కుమార్. ఆ పిల్ల మొదట బండ ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి కొండ మీద.

ఆ భువనగిరికి కిందటి చలికాలంలో మేమూ వెళ్ళాం. మా మేడలో ఉండే నలుగురు ఆడవాళ్ళం, సికిందరాబాదులో రైలెక్కి. కోడిగుడ్డును నిలబెట్టినట్టుండే ఒంటి బండ అది. మీద చాళుక్యుల నాటి కోట. పిల్లలకు బండ పాకడం నేర్పే పక్కకు మేము పోలేదు లెండి, మెట్లున్న దారినే ఎక్కాం. సగం దారిలో మా పక్కింటి వదినగారు, నేనిక్కడే కూర్చుంటా మీరు వెళ్ళిరండి అని చతికిలబడింది. నేను జుంకో మాట చెప్పాను. ఇక్కడ పందెం లేదు వదినా, పది మెట్లెక్కు, కూర్చో, మళ్ళీ పది ఎక్కు అని. పులిహోర డబ్బా నా చేతికిచ్చి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని లేచింది. మేము పైకి చేరిన ముప్పావుగంటకు ఆవిడా చేరింది. పైన గాలి విసురుగా ఉంది. ఊరంతా అగ్గిపెట్టెల్లా కనిపిస్తోంది. ఎవరూ ఏమీ మాట్లాడకుండా పులిహోర తిన్నాం.

జుంకో ఎవరెస్టుతో ఆగలేదు. 1978లో కొడుకు పుట్టాడు. ఇద్దరు పిల్లలను పెంచుతూనే, పాఠాలు చెప్పి, ఉపన్యాసాలిచ్చి, కొండలకు జనాన్ని తీసుకువెళ్ళి సంపాదించిన డబ్బుతో ఒక్కొక్క ఖండంలో ఎత్తైన శిఖరం ఎక్కుతూ వచ్చింది. 1992 నాటికి ఏడు ఖండాలవీ పూర్తి చేసింది. ఇది కూడా ఆడవాళ్ళలో మొదట ఆవిడే. అరవై ఏళ్ళ వయసులో మళ్ళీ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, ఎవరెస్టు మీద యాత్రికులు పోగు చేస్తున్న చెత్త గురించి చదువుకుని 2000లో పట్టా పుచ్చుకుంది. ఇల్లు ఊడ్చేవాళ్ళకే తెలుస్తుంది చెత్త సంగతి! కొండకు వెళ్ళేది పెరిగినకొద్దీ అక్కడ ఖాళీ సిలిండర్లూ, చిరిగిన గుడారాలూ, మలమూత్రాలూ పేరుకుపోతున్నాయని, అది కింది ఊళ్ళు తాగే నీళ్ళలోకి వస్తుందని ఊరూరా చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, చెత్త ఏరే బృందాలతో తానూ వెళ్ళింది.

2011లో పెద్ద భూకంపం, సముద్రపు ఉప్పెన వచ్చి ఆవిడ సొంత ప్రాంతం ఫుకుషిమా అతలాకుతలమైంది. ఆ దెబ్బ తిన్న ఊళ్ళ హైస్కూలు పిల్లలను ఏటా వేసవిలో ఫ్యూజీ పర్వతం మీదికి తీసుకువెళ్ళడం మొదలు పెట్టింది. ఒకప్పుడు ఆడదాని నీడ పడకూడదన్న ఆ ఫ్యూజీయే. 2012లో ఆవిడకు కాన్సరు అని తేలింది. చికిత్స చేయించుకుంటూనే కొండలకు వెళ్ళింది. 2016 జూలైలో కూడా పిల్లలతో బయల్దేరింది. కొంత ఎత్తుదాకా నడిచి, ఇక నడవలేక ఆగిపోయింది. ఆడపిల్లలూ మగపిల్లలూ వరసగా ఆవిణ్ణి దాటుకుని పైకి వెళ్ళారు. ఆ ఏడు అక్టోబరు 20న, తన 77వ ఏట, ఆవిడ కన్నుమూసింది.